అంచు నలిగిన టేపు

పాత వీసీఆర్‌ను తువ్వాల్లో చుట్టి, గుండెకు ఆనించుకుని, కళ్లద్దాల కొట్టాయన రిపేరు గదిలోకి వచ్చాడు. వెనకే కూతురు. గది మేడమెట్ల కింద ఉంది. అక్కడి మెకానిక్‌ను వీధంతా మరల బాబాయ్ అంటారు. విప్పిన మరలను పెదాల మధ్య బిగించి, ఆ సందులోంచే మాట్లాడతాడు మరి.

మూత తీసి లోపలికి చూశాడు.

"అన్నయ్యా, క్యాసెట్ ఇరుక్కుందా, మీరు ఇరికించారా?"

"ఇరుక్కుంది. ఆపైన నేను కాస్త..."

"పట్టకారు పెట్టి లాగారు. కింది అంచంతా నలిగిపోయింది. ఇదేమైనా కళ్లజోడా?"

"వద్దంటే వింటేగా బాబాయ్," అంది కూతురు.

కొట్టాయన నవ్వలేదు. "అందులో వాళ్లమ్మ గొంతుంది. ఇంకెక్కడా లేదు."

పిల్ల పుట్టిన కొత్తలో అరువు తెచ్చిన వీడియో కెమెరా, ఉన్న నాలుగు రోజులూ ఆమె చేతిలోనే ఉంది. అందుకే బొమ్మలో ఆమె ఎక్కడా లేదు. ఊహ తెలియకముందే తల్లిని పోగొట్టుకున్న పిల్ల, అమ్మ గొంతు ఎలా ఉండేదని అడిగినప్పుడల్లా "అచ్చం నీ గొంతే" అనేవాడు. అలా అనీ అనీ, ఈమధ్య భార్యను తలుచుకుంటే కూతురి గొంతే వినిపిస్తోంది. ఆ భయంతోనే అటక మీది పెట్టె దింపి, క్యాసెట్ వేశాడు. ఆమె మాట్లాడబోయే చోటే అది ఆగిపోయింది.

బాబాయ్ టేపును వేలితో వదులు చేసి క్యాసెట్ బయటికి తీశాడు. గట్టిపడిన రబ్బరు చక్రం మార్చి, టేపును చదివే హెడ్డును మెత్తని తోలుముక్కతో తుడిచాడు. ఎందుకూ పనికిరాని సొంత క్యాసెట్ ఒకటి వేసి చూశాడు. చక్కగా తిరిగింది.

"మిషను బాగైంది. టేపులో నలిగిన ముక్క కోసేసి అతికిస్తా. అది తిరిగితే హెడ్డు గీసుకుపోతుంది."

"ఆ ముక్కలోనే ఉందయ్యా ఆవిడ."

బాబాయ్ బల్ల కింద నుంచి తన పాత వీసీఆర్‌ను లాగాడు.

"పోతే నాదే పోతుంది. ఒక్కసారే వేస్తాను, పక్కన మీ మిషన్లో కాపీ ఎక్కుతుంది. బొమ్మ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. దాన్ని నిలబెట్టేది కింది అంచు. మాట పై అంచున ఉంటుంది, అక్కడ మీ చెయ్యి పడలేదు."

తెర వెలిగింది. కిటికీ పక్కన, ఒళ్లో పసిపిల్లతో, నల్లటి జుట్టుతో అప్పటి కొట్టాయన. అంతలోనే బొమ్మ చీలికలైపోయింది. ఆ చీలికల్లోంచి మాట వచ్చింది.

"కాస్త పక్కకి జరగండి. పిల్ల మొహం మీద మీ నీడ పడుతోంది."

స్టూలు మీద కూర్చున్న కొట్టాయన పక్కకి జరిగాడు.

ఎవరూ నవ్వలేదు. బొమ్మ మళ్లీ నిలబడేసరికి తెర మీది మనిషి కూడా జరిగి ఉన్నాడు. పిల్ల మొహం నిండా వెలుతురు. ఇక మాటల్లేవు, టేపు హోరు తప్ప.

"నా గొంతులా లేదు నాన్నా," అంది కూతురు నెమ్మదిగా.

"లేదమ్మా."

బాబాయ్ నోట్లోంచి మరలన్నీ అరచేతిలోకి తీసుకున్నాడు.

"కాపీ ఎక్కింది," అన్నాడు.