రెండు ఎడమ అడుగులు

పొద్దున్నే పరిశోధన కేంద్రం తలుపు తీసేది అచ్చులక్కే. చిత్తడి నేల మీద పడిన అడుగుల్లో ప్లాస్టరు పోసి అచ్చులు తీయడం ఆమె పని, అందుకే ఆ పేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు. టీ తాగేసి, బకెట్టూ ప్లాస్టరు సంచీ స్కేలూ సర్దుకుని, చెక్కవంతెన మీదుగా బురద దగ్గరికి నడుస్తుంది. కొంగలెన్ని, నీటికోళ్లెన్ని, నీటికుక్కలు పొట్ట మీద ఎక్కడెక్కడ జారాయి, అన్నీ జాడలు చూసి రాసుకొస్తుంది.

ఆ బురదలో తెల్లారేసరికి కనిపించేవి రేపటి అడుగులు. మధ్యాహ్నం నీరెక్కి వాటిని చెరిపేస్తుంది. మర్నాడు అవే అడుగులు, అవే చోట్ల, నిజంగా పడతాయి. కేంద్రంలో అందరికీ ఇది అలవాటే. ఇబ్బందల్లా తేదీతోనే. ఏ తేదీ వెయ్యాలో తెలీక గుమాస్తా మొదట్లో తల పట్టుకున్నాడు గానీ, తర్వాత ఫారంలో ‘రేపు’ అని ఇంకో గడి కొట్టించి ఊరుకున్నాడు.

పదమూడేళ్లలో బురద ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఒకసారి పాత వాచ్‌మన్ చెప్పుల గుర్తులు ఊబి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాయి. పాపం, ఆయన మర్నాడంతా గేటు గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం తడి గొడుగు ఆరేద్దామని తలుపు తీశాడు. గాలికి గొడుగు ఎగిరిపోయింది. కొత్త గొడుగాయె, వెనకాలే పరుగెత్తాడు. గొడుగు మాత్రం దొరికింది.

ఇంకో పది రోజుల్లో అచ్చులక్క ఈ బురదకి దణ్ణం పెట్టి వెళ్లిపోతోంది. మోకాళ్లు అరిగిపోయాయని ఆరేళ్లుగా అడగ్గా అడగ్గా, పెద్దాఫీసులో పొడిగా ఉండే గదిలో కూర్చుని పాత అచ్చులు సర్దే పని ఇచ్చారు. ఆ బదిలీ ఉత్తరం ఎక్కడ తడుస్తుందో అని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకు తిరుగుతోంది.

అలాంటి సమయంలో, ఒక మంచు పట్టిన పొద్దున, రెల్లు గుబురు వైపు వెళ్తున్న రబ్బరు బూట్ల అడుగులు కనిపించాయి. ఎడమ మడమ కింద చదరపు అతుకు ముద్ర. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి ఆ అతుకు వేసింది ఆమే. ఆ బూట్లు తమ్ముడివి.

వంతెన దగ్గర్నుంచి లెక్కపెట్టింది. ఏడోదీ ఎనిమిదోదీ రెండూ ఎడమ అడుగులే. తూలాడు కాబోలు అనుకుంది. పధ్నాలుగోదీ పదిహేనోదీ ఊబి అంచున జంటగా ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ లేవు. తిరిగొచ్చే అడుగు కోసం నాలుగు వైపులా వెతికింది. అడుగుల పక్కనే ఏదో జారుతూ వెళ్లి, జారుతూ తిరిగొచ్చిన జాడ ఉంది. నీటికుక్క అని రాసేసింది. స్కేలు తీయడం కూడా మర్చిపోయింది. చేతులు అలవాటు కొద్దీ ఒక అడుగులో ప్లాస్టరు పోశాయి గానీ, ఆమె బుర్ర అక్కడ లేదు.

అమ్మ పోయేనాటికి వాడికి అయిదేళ్లు, ఆమెకి పదిహేడు. అప్పట్నుంచీ వాడికి అక్కా అమ్మా ఆమే. మట్టిలోకి ఇనుపగొట్టం దింపి నమూనాలు తీసే పని ఈ కేంద్రంలోనే వాడికి ఇప్పించింది కూడా ఆమే. అచ్చు గట్టిపడగానే తీసుకుని కేంద్రానికి నడిచింది.

చెప్పగానే తమ్ముడు నవ్వబోయాడు, నవ్వు రాక బెంచీ మీద కూర్చున్నాడు. మట్టి మీద పరిశోధన చేసే మేడమ్ ఫారం చూసి కళ్లద్దాలు తీసేసింది. మర్నాటి పని రద్దు చేసింది. సెలవు కావాలా అని అడిగి, ఆ ప్రశ్నకి తనే సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయింది.

“రేపు నన్ను మంచానికి కట్టెయ్యక్కా,” అన్నాడు తమ్ముడు.

వాచ్‌మన్‌కీ గడియ ఉంది కదా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక, ఆరిన అచ్చుని కుళాయి కింద కడగడానికి కూర్చుంది. బ్రష్షుతో మట్టి తోముతూ తోముతూ ఆగిపోయింది. స్కేలు తెచ్చి కొలిచింది. నడిచే మనిషి ముందు మడమ మోపుతాడు, తర్వాత వేళ్ల దగ్గర నొక్కి లేస్తాడు. ఇక్కడ మడమా మునివేళ్లూ ఒకే లోతులో ఉన్నాయి. అదీ రెండు వేళ్ల లోతు. తమ్ముడు ఎనభై కిలోల మనిషి, మామూలుగా పిక్కల దాకా దిగబడతాడు. ఇది చంటిపిల్ల బరువు కూడా లేదు.

నీటికుక్క జాడ గుర్తొచ్చింది. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. పక్కన పంజా ముద్ర ఒక్కటీ లేదు. అది నీటికుక్కేంటి, నా తలకాయ. అది మనిషి బోర్లా పడుకుని బురద మీద జారే బల్ల. పదమూడేళ్లు అడుగులు చదివిన మనిషి తన జాడే తను పోల్చుకోలేకపోయింది.

“ఒరేయ్, నీ బూట్లు ఇటియ్యి.”

“ఎందుకు?”

“రేపు వాటికి పనుంది. నీకు లేదు.”

మర్నాడు మంచు కరక్కముందే నడుముకి తాడు కట్టుకుని, వెడల్పాటి బల్ల మీద బోర్లా పడుకుని బురదలోకి జారింది. తాడు రెండో కొస పట్టుకుని తమ్ముడు వంతెన మీద కూర్చున్నాడు. బురదలో కాలు పెట్టనని అక్క తల మీద ఒట్టేశాడు. చేతులు బూట్లలో దూర్చి ఆమె ఒక్కో అడుగూ నొక్కుతూ పోయింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఏడోది నొక్కాక కుడి బూటు లాగితే రాలేదు. ఆరో అడుగులో పట్టుకుపోయింది. బల్ల ముందుకి జారిపోతోంది, ఆపుకోవడానికి చేతికందిన ఎడమ బూటే మళ్లీ మోపింది. మోపాక గుర్తొచ్చింది, ఎనిమిదోది. అలా చెయ్యాలని ఆమె అనుకోలేదు.

ఊబి అంచున రెండు బూట్లూ జంటగా ఆనించి, ముందుకి నెట్టింది. “ఇదిగో, నువ్వడిగినవి,” అంది ఊబితో. అవి ఊరికే మునగలేదు. ముందు ఎడమది, కాస్త ఆగి కుడిది, కిందెవరో తీరిగ్గా కూర్చుని తొడుక్కుంటున్నట్టు ఒక్కో కుదుపుతో దిగాయి. తాడు లాగమని ఆమె కేక వేసేలోపు తమ్ముడే లాగేశాడు.

ఆ రోజంతా వాణ్ని కళ్లముందు నుంచి కదలనివ్వలేదు. సాయంత్రమైంది, తెల్లారింది. వాడు బతికే ఉన్నాడు. మేడమ్ టీ పెట్టి తనే తెచ్చి ఇచ్చింది. గుమాస్తా స్టోరు నుంచి కొత్త బూట్లు తీసిచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ బూట్లేసుకుని తమ్ముడు బురదలోకి దిగాడు. పిక్కల దాకా దిగబడి, కాలు లాగి, ఇంకో అడుగేశాడు. వెనక బురద పాల మీగడలా నున్నగా మూసుకుపోయింది. పదడుగులు నడిచాడు. ఎక్కడా ముద్ర లేదు. ఫారంలో వాడి వరసలో గుమాస్తా ‘జాడ లేదు’ అని రాసి పేజీ తిప్పాడు.

అచ్చులక్క వంతెన చెక్క పట్టుకుని నిలబడిపోయింది. బురద లెక్క ప్రకారం వాడు నిన్ననే ఊబిలోకి వచ్చేశాడు. ఇక వాడి రేపు గురించి ఇది ఎవరికీ ఏమీ చెప్పదు. మళ్లీ ఊబి వైపు వాడు నడిచే రోజు, ముందుగా తెలిసే దారి లేదు.

ఆ మధ్యాహ్నమే ప్లాస్టిక్ కవర్ తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టింది. తను వెళ్లడం లేదని చెప్పింది. మేడమ్ మోకాళ్ల మాట ఎత్తింది గానీ, ఆమె మొహం చూసి ఆపేసింది.

ఇప్పుడు తమ్ముడు ఎక్కడ గొట్టం దింపితే అక్కడికి ఆమె వెళ్తుంది. తెల్లారగానే కొంగల కంటే ముందు తన అడుగులే వెతుక్కుంటుంది. తనవి వెళ్లి, తనవి తిరిగొస్తే, వాడూ వచ్చినట్టే. అప్పటిగ్గానీ టీ నోట పెట్టదు.

“ముందు నడవచ్చు కదక్కా, ఎప్పుడూ నా వెనకేనా?” అంటాడు వాడు.

“నువ్వు నడు,” అంటుంది.

ఇద్దరూ రెల్లులోకి వెళ్తారు. వెనక ఒక్క మనిషి అడుగులే పడతాయి.