గజం రాయి

కాంక్రీటు లారీ పదికి వస్తుందన్నారు. ఆనందమ్మ తొమ్మిదికే వచ్చి ప్లాట్‌ఫారం మీది రాతి బెంచీ మీద కూర్చుండిపోయింది.

నగరి అవతల ఉండే ఆ పాత స్టేషన్ను బాగుచేస్తా ఉండారు. కొత్త రేకులు, కొత్త దీపాలు, అన్నీ ఆమెకు నచ్చినాయి. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచడమూ మంచిదే. చీరల మూటలతో లోకల్ రైలు ఎక్కబోయి మోకాళ్ళు చెక్కుకున్నోళ్ళలో ఆమే మొదటిది. కానీ ఎత్తు పెంచితే ఈ బెంచీ కాంక్రీటు కింద సమాధి అయిపోతుంది. అదొక్కటే ఆమె ఒప్పుకోదు.

"లే అవ్వా, స్టీలు కుర్చీలొస్తాయి, మెత్తగా కూర్చుందువు," అన్నాడు ఇంజనీరు నవీన్.

"స్టీలు మెత్తగుంటుందని ఏ బళ్ళో చెప్పినారబ్బా?"

మేస్త్రీ వెంకటముని కిసుక్కుమన్నాడు.

ఆమె బెంచీ మీది రెండు గీతలు చూపించింది. "ఇవేందో తెలుసునా?"

"పగుళ్ళు."

"పగుళ్ళా! మా మామ కోదండం ఉలితో కొట్టించినాడు. పట్నం షావుకారు పొడుగు గజంబద్ద తెచ్చి, మా చీరలు పొట్టివని వంక పెట్టేవాడు. అప్పుడు స్టేషన్ మాస్టరు ఎదురుగా, నేతగాళ్ళందరూ చూస్తా ఉండంగా, ఈ రాయి మీద గజం కొట్టినారు. రైలెక్కే ప్రతి చీరకూ ఈడే కొలత. మళ్ళా ఎవురూ మా నేతను తక్కువనలేదు."

"కాగితమేమైనా ఉండాదా అవ్వా?"

"కాగితమెందుకు? నీ జేబులో టేపుండాది కదా!"

నవీన్ కొలిచినాడు. ముప్పై ఆరు అంగుళాలు, సరిగ్గా గజం. నమ్మక మళ్ళా కొలిచినాడు. అవే ముప్పై ఆరు. ఆనందమ్మ సంచిలోంచి మగ్గం దిగిన ఆరు గజాల చీర తీసి, గీత నుంచి గీతకు మడత మీద మడత వేసింది. ఆరో మడత కొస గీత మీద సరిగ్గా పడింది. రైలు కోసం నిలబడిన ఆడోళ్ళంతా చుట్టూ మూగి కేకలేసినారు.

నవీన్ పక్కకు పోయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చినాడు. "రాయిని పైకెత్తుతాం. పోయిన వారం కాంక్రీటు పోసిన పక్క గట్టిపడింది. యాడ పెట్టమంటావు?"

"ఆడోళ్ళ పెట్టె ఆగే చోట."

జేసీబీకి మోకులు కట్టి రాయిని లేపినారు. "ఇటు. ఇంకా ఇటు. వెంకటమునీ, రసమట్టం పెట్టు, నేను చూస్తా ఉండా," అని ఆనందమ్మ దగ్గరుండి చెప్పింది. మేస్త్రీ ఒక పక్క పలకముక్క దోపినాడు. రసమట్టంలో బుడగ నడిమికొచ్చి నిలబడింది.

ఆనందమ్మ అప్పటికే వచ్చి నిలబడిన లారీ వైపు చెయ్యూపింది. "ఇంక కాంక్రీటు పొయ్యి నాయనా, ఎంత కావాలంటే అంత!"