అడక్కుండా తీసుకున్నది

పెద్దావిడ ఒళ్లు తుడిచే పని పొద్దున్నే అయిపోవాలి. లేకపోతే ఇక ఆ రోజంతా పనుల వెనక పరుగే. కోడలు గోరువెచ్చని నీళ్ల గిన్నె స్టూలు మీద పెట్టి, అత్తగారిని మెల్లగా కుడివైపుకు ఒత్తిగిల్లించింది. పక్షవాతంతో పడిపోయిన ఎడమచేతిని తన భుజాన వేసుకుని వీపు తుడుస్తుంటే పక్కగదిలోంచి భర్త కేకేశాడు.

"ఇంకా కాలేదా? నా చొక్కా ఇస్త్రీ లేదిక్కడ!"

అమ్మ ఎలా ఉందని కాదు. నువ్వెలా ఉన్నావని ఎలాగూ కాదు.

ఆ మంచంలో ఉన్నావిడ ఆషామాషీ మనిషి కాదు. ఒకప్పుడు ఆవిడ సభ పెడుతోందంటే పోలీసులు ముందే వచ్చి కూర్చునేవారట. మనిషి మీద మనిషికి అధికారం లేదు, సర్కారుకు అసలే లేదు అని ఊరూరా తిరిగి చెప్పింది. పన్ను కట్టనని మొండికేసి జైలుకెళ్లింది. బిరుదు ఇస్తామంటే "నాకు విలువ కట్టడానికి మీరెవరు?" అని తిప్పి పంపింది. పెళ్లికి కూడా "మా ఇద్దరి మాటకు మూడోవాడి ముద్రెందుకు?" అని కాగితం మీద సంతకం పెట్టలేదు. వీధి పిల్లలకు మాత్రం ఆవిడ 'పన్ను కట్టని మామ్మ'. ఒళ్లు సగం పడిపోయినా నోరు పడిపోలేదని ఇంట్లో ఓ హాస్యం.

"మా అమ్మ నన్నెప్పుడు చూసింది గనక? నన్ను పెంచింది పిన్ని. ఇప్పుడీవిణ్ణి నేను చూడాలా?" అనేవాడు కొడుకు. మరెవరు చూడాలి? ఆ ప్రశ్న ఇల్లంతా కాసేపు తిరిగి, దారి తెలిసిన పిల్లిలా కోడలి కాళ్ల దగ్గరికే వచ్చి పడుకునేది. పోనీ మనిషిని పెట్టుకుందామంటే, "బయటివాళ్లు మా అమ్మను ముట్టుకోవడమేంటి? నలుగురూ ఏమనుకుంటారు? నీకైతే అలవాటే కదా" అన్నాడు. అలవాటట! పుట్టుమచ్చలాగా ఒంటితో వచ్చినట్టు.

ఆమెకు అలవాటైన పని వేరే ఉంది. రక్తపరీక్షల లాబ్‌లో పొద్దుటి డ్యూటీ. అత్తగారు మంచాన పడ్డాక అది మధ్యాహ్నాలకు మారింది. మొన్న ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయితే, ఆమె దగ్గర పని నేర్చుకున్నతనికి ఇచ్చాడు మేనేజరు. "ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కదండీ, మీ మీద ఇంకో బరువెందుకని" అని ఎంతో దయగా చెప్పాడు. ఆమె థాంక్స్ కూడా చెప్పింది. పోస్టు పోయినందుకు కాదు గానీ, ఆ థాంక్స్ చెప్పినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దావిడ అభిమానులు కొందరు వచ్చి మాటలు రికార్డు చేసుకుంటామన్నారు. చూపు ఆనకపోవడంతో "నా పుస్తకం నాకే చదివి వినిపించమ్మా, ఏం కూశానో గుర్తు తెచ్చుకోవాలి" అంది పెద్దావిడ. సాయంత్రాలు వంట ముగించి కోడలు చదివేది. నోరు చదువుతుంటే బుర్ర రేపటి కూరల చుట్టూ తిరిగేది. ఓ రోజు మాత్రం ఒక వాక్యం దగ్గర గొంతు ఆగింది. 'మనిషి కష్టం మనిషిది. అడక్కుండా తీసుకుంటే, తీసుకున్నవాడు రాజైనా సరే, అది దొంగతనమే.'

"ఆగిపోయావేమ్మా?"

"ఏం లేదత్తయ్యా. కళ్లు లాగుతున్నాయి."

అంట్లు తోముతున్నంతసేపూ ఆ మాట వదల్లేదు. నన్నెవరడిగారు? ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, చెయ్యి పట్టి ఈడ్చలేదు. అసలు అడగనే లేదు. అడిగితే కదా కాదనేందుకు సందు దొరికేది! నీళ్లు పల్లానికి పోయినట్టు ఇంటి పనులన్నీ తనవైపే వచ్చాయి. రాజుల మీద అంత కోపం పెట్టుకున్న ఈవిడకు ఈ పల్లం ఎప్పుడైనా కనబడిందా? పుస్తకాలు రాసినన్నాళ్లూ ఈవిడ కంచంలోకి అన్నం ఎక్కణ్ణుంచి వచ్చింది?

అభిమానులు వచ్చిన రోజు కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని తల్లి పక్కనే కూర్చున్నాడు. ఆవిడ తీరుగా మాట్లాడింది, నవ్వించింది. కోడలు టీ కప్పులు తెచ్చేసరికి అభిమానుల్లో ఒకాయన చేతులు జోడించాడు. "ఇంత గొప్ప మనిషికి సేవ చేస్తున్నారు. ఎంత అదృష్టమండీ మీది!"

ట్రే బల్ల మీద పెట్టి వెళ్లిపోవాల్సింది. కాళ్లు కదల్లేదు.

"అత్తయ్యా, ఒకటి అడగనా? ఈ పుస్తకాలు రాసేటప్పుడు వంట ఎవరు చేసేవారు?"

కొడుకు కళ్లురిమి చూశాడు. "ఇప్పుడు ఆ గోలెందుకు? నువ్వు లోపలికెళ్లు."

"నువ్వుండరా," అంది పెద్దావిడ. "మా చెల్లెలు చేసేది. వంటా అదే, వీణ్ణి పెంచిందీ అదే."

"చేస్తావా అని ఆవిణ్ణి అడిగారా?"

 పెద్దావిడ ఎవరివైపూ చూడలేదు.

"నర్సు చదువుకు వెళ్తానంది. ఈ ఒక్క పుస్తకం కానివ్వవే అన్నాను. ఏడు పుస్తకాలయ్యాయి. అదెన్నడూ కాదనలేదు. కాదనలేదు కదాని ఒప్పుకుందనుకున్నాను." గొంతు సవరించుకుంది. "దేశంలో దొంగలందర్నీ పట్టుకున్నాను. నన్నొక్కదాన్నే వదిలేశాను. ఇది కూడా రికార్డు చేసుకోండి."

వాళ్లు వెళ్లగానే కొడుకు విరుచుకుపడ్డాడు. "అందరి ముందూ మా అమ్మ పరువు తీశావు!"

కోడలికి వాదించే ఓపిక లేదు. సోఫాలో కూలబడింది. టీ కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని చూస్తూ చాలాసేపు కూర్చుంది గానీ లేచి తీయలేదు. తర్వాత ఫోన్ తీసి లాబ్ మేనేజరుతో రెండు ముక్కలు మాట్లాడింది.

"సోమవారం నుంచి నాకు పొద్దుటి డ్యూటీ," అంది భర్తతో.

"ఎవర్నడిగి?"

"మేనేజర్నడిగి. సరేనన్నారు."

"మరి అమ్మ సంగతి?"

"మీ అమ్మగారు మనిషిని పెట్టుకుంటారో, మీరే చూసుకుంటారో, మీరిద్దరూ మాట్లాడుకోండి. సాయంత్రాలు నేనుంటాను. అది నా అంతట నేను చెబుతున్నా."

సోమవారం పొద్దున ఆమె తయారై వచ్చేసరికి పెద్దావిడ అప్పటికే మేలుకుని ఉంది. "వెళ్లిరామ్మా," అని, కొడుకును పిలిచింది. అతను గుమ్మం దాటకుండా నిలబడ్డాడు.

"ఒరే, నా ఒళ్లు తుడుస్తావా? బలవంతం లేదు. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, ఇంకో దారి చూసుకుంటాను. ఏదో ఒకటి నువ్వే చెప్పు."

అతను తల్లివైపు చూళ్లేదు. ఎప్పట్లాగే భార్యవైపు చూశాడు.

అడిగింది తనను కాదు. కోడలు చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగింది.