గాజుల సాక్ష్యం

ఆ రోజు పోశవ్వ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కరీంనగర్ కోర్టు వరండాలో ఆమెను చూసి తల పట్టుకున్నాను. రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట రూపాయంత బొట్టు. మేం వేసిన దావా ఏమిటి? ఆమె మొగుడు హనుమండ్లు చనిపోయినట్టు తేల్చి, అతని వాటా భూమి ఆమెకు ఇప్పించమని.

హనుమండ్లు దుబాయి పోయిన కొత్తలో మాటలు నింపిన క్యాసెట్లు పంపేవాడు. తర్వాత ఎనిమిదేళ్లుగా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వేములవాడ దగ్గరి ఊళ్లో పొలమంతా మరిది రాజయ్య పట్టుకు కూర్చున్నాడు. అన్న వచ్చాకే పంపకం అంటాడు. పోశవ్వ ఆ పొలంలోకే కూలికి పోతోంది. ఏడేళ్లుగా కబురు లేని మనిషిని బతికున్నాడనే వాళ్లే రుజువు చూపాలని చట్టం. మాకున్నదల్లా ఆ ఒక్క ఆధారం.

“ఆ గాజులు తీసి సంచిలో పెట్టు. బయటికొచ్చి వేసుకుందువు గానీ,” అన్నాను.

“తియ్య వకీలమ్మా. ఆయన లేడని నాకెవలు జెప్పిండ్రు?”

“మరి కోర్టుకెందుకు వచ్చినవ్?”

“భూమి కోసం వచ్చిన. గాజుల కోసం కాదు.”

ఆ గాజులతోనే ఆమెను లోపలికి తీసుకెళ్లాను. పైగా జడ్జి సీతారాంరావు గారు. చట్టంలో ఉన్న మాట దాటి అడుగు వెయ్యరని ఆయనకు పేరు. పేదరాలండీ అంటే వినరు. కేసు ఆయన ముందుకొచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

రాజయ్య బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేశాడు. “మా అన్న బతికే ఉన్నడు సార్.”

“ఎక్కడ?” అన్నాను.

“యాడనో ఓ కాడ ఉన్నడు.”

“ఎన్నడన్నా వెతికినవా?”

“యాడని వెతకాలె?” అన్నాడు. అతని వకీలు లింగారావు లేచి పోశవ్వ చేతుల వైపు చూపించాడు. “కట్టుకున్న భార్యే ఆయన పోయాడని నమ్మట్లేదు సార్. కోర్టు ఎట్లా నమ్ముతుంది?”

చచ్చాం అనుకున్నాను. కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.

జడ్జి గారు పుస్తకంలో ఆ సెక్షను మళ్లీ చదువుకున్నారు. “లింగారావు గారూ, ఆయన కబురు ఎవరైనా విన్నారా అని అడుగుతుంది చట్టం. భార్య మనసులో ఏమనుకుంటుందో అడగదు. చట్టం అడగని ప్రశ్న నేనెట్లా అడుగుతాను? బతికున్నాడని మీ మనిషి అంటున్నాడు, రుజువు చూపమనండి.”

చూపడానికి ఏముంది? తీర్పు మాకే వచ్చింది. ఇన్నాళ్లూ నేను ఆడిపోసుకున్న జడ్జి గారి పట్టుదలే పోశవ్వను గట్టెక్కించింది.

మెట్ల మీద రాజయ్య అడ్డం వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

“వదినె, కోర్టే జెప్పింది గద అన్న లేడని. ఇగ గాజులు దియ్యి. ఊళ్లె నలుగురు చూస్తరు.”

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా పోశవ్వే కొంగు సర్దుకుని నిలబడింది.

“కోర్టు భూమి సంగతి జెప్పింది రాజయ్యా. మీ అన్న సంగతి నువ్వే జెప్పినవు, దేవుని మీద ఒట్టేసి. బతికే ఉన్నడంటివి. నేను నీ మాటే నమ్ముతున్న.”

గాజులు గలగలమంటుండగా అతన్ని దాటుకుని బస్టాండు వైపు నడిచింది.