ఇరవయ్యేడో గడి

మా అన్న గోపాలస్వామికి కోపం రాదు. ఆ లోటు పూడ్చడానికే దేవుడు నన్ను పుట్టించినట్టున్నాడు. ముప్ఫై ఏళ్ళు మాధవరం బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషిని. ఎవడైనా కాపీ కొట్టాడంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈసారి కొట్టింది మా అన్న ఆటను.

అన్న హార్బర్‌లో గుమాస్తాగా ఉండేవాడు. కూతురు శ్రీప్రియ కోసం పాత క్యాలెండర్ అట్ట వెనక సొంతంగా ఓడల ఆట ఒకటి గీశాడు. సముద్రం నుంచి గోడౌన్ దాకా వంకర్లు తిరుగుతూ పోయే గడులు. పాచిక వేసి ఓడను నడపాలి. తుఫాను గడిలో పడితే ఓడ మునుగుతుంది గానీ ఆటలోంచి పోదు. వెనకాల వచ్చినవాడు దాన్ని లాక్కుంటూ పోవాలి. తొండియార్‌పేటలో మా వీధి పిల్లలంతా ఆ ఆట ఆడే పెరిగారు.

శ్రీప్రియకు ఎనిమిదేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. ఆడుతూ ఆడుతూనే ఒరిగిపోయింది. ఆస్పత్రికి ఎత్తుకుపోతుంటే, "నా ఓడ ఇరవయ్యేడులో ఉండాది. నేనొచ్చిందాకా ఎవురూ ఆడ పెట్టొద్దండి," అంది. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత అన్న గీసిన ఏ అట్ట మీదా ఇరవయ్యేడు లేదు. ఇరవయ్యారు పక్కనే ఇరవయ్యెనిమిది.

పోయిన ఏడాది మెట్రోలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్లో అవే ఓడలు. అదే లాక్కుపోవడం. వాకబు చేస్తే, ఒకప్పుడు మా మేడమీద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళబ్బాయి విఘ్నేష్ పనిచేసే కంపెనీ ఆ ఆటను తయారుచేసిందని తెలిసింది. లక్షల మంది ఆడుతున్నారట. అన్న పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి అన్నకు చూపించాను. కళ్ళద్దాలు సవరించుకుని గడులు లెక్కపెట్టాడు.

"ఇరవయ్యారు... ఇరవయ్యెనిమిది. సూడు మంగళా, విఘ్నేష్ మరిచిపోలేదు," అన్నాడు.

"నీ పేరేదన్నా?"

"నా పేరెందుకులే. ఇంతమంది ఆడతా ఉండారు, పాప గడిని ఒక్కరూ తొక్కలే. అది చాలు నాకు."

ఆ రోజు నుంచి సాయంత్రమైతే ఫోన్ పట్టుకుని అదే ఆట. ఆయనకు చాలింది. నాకు చాలలేదు. ప్యారీస్ కార్నర్‌లో లాయర్ కోదండరాం దగ్గరికి పోయాను.

"టీచరమ్మా, ఆట రూల్స్‌కి సొంతదారుడనేవాడు ఎవురూ ఉండడు," అన్నాడాయన. "కాపీరైట్ రాసిన మాటకీ గీసిన బొమ్మకీ గానీ, ఆలోచనకు రాదు. పేటెంట్ చట్టమైతే ఆట ఆడే పద్ధతిని దగ్గరికే రానియ్యదు."

"మరి వాళ్ళ సాఫ్ట్‌వేర్?"

"అది వాళ్ళు రాసుకున్న కోడ్. దానికి వాళ్ళకి కాపీరైట్ ఉండాది."

"అబ్బో! చేసినోడికి లేని చట్టం ఎత్తుకుపోయినోడికి ఉందా?"

"కోప్పడొద్దండమ్మా. మీ అన్న గీసిన బొమ్మ ఆయనదే. దాన్ని చూసే గీసినారని మీరు చూపించగలిగితే అడగొచ్చు."

చూపించలేకపోవడమేం? ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే కాపీ అని చెప్పలేం. ఇద్దరూ ఒకే తప్పు రాశారంటే చెవులు పట్టుకోవచ్చు. నా ఉద్యోగమంతా దొంగల్ని అలాగే పట్టాను. అన్న అట్టను, ఫోన్‌ను పక్కపక్కన పెట్టి ఇరవయ్యేడు లేకపోవడం చూపించాను. కోదండరాం కుర్చీలో ముందుకు జరిగి, "ఇది చాలునమ్మా, నోటీసు పంపిద్దాం!" అన్నాడు. బడిలో కూడా ఎప్పుడూ అంత గర్వపడలేదు నేను.

అన్న సంతకం పెట్టనన్నాడు. "వొద్దు మంగళా. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

నేను వింటేనా? పది రోజులు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీకు రోషం లేదా అన్నాను, రేపు నువ్వు పోతే ఈ ఆట ఎవరిదని చెప్పుకోవాలన్నాను. నా పోరు పడలేక సంతకం పెట్టాడు.

మూడు వారాలకు జవాబొచ్చింది. కోదండరాం నన్ను పిలిపించి చదివి వినిపించాడు. "ఆట నియమాలు ఎవరి సొత్తూ కావు. అయినా మీ అభ్యంతరాన్ని మన్నించి బొమ్మ మార్చాము. అంకెల వరుసలో దొర్లిన పొరపాటును కూడా సరిదిద్దాము."

పొరపాటు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. పాత బొమ్మకు ఫోటోలు తీసిపెట్టాం, కేసు నడపొచ్చు అని ఆయనేదో చెబుతూనే ఉన్నాడు. నాకొక్క ముక్క ఎక్కలేదు. ఆటో ఎక్కాను. దారి పొడుగునా, అన్న ఫోన్లో ఆ ఆట తీయకుండా ఉంటే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

తీశాడు. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మణలి ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే గాలికి ఇల్లంతా గ్యాస్ వాసన.

"మంగళా, ఇదేంది? ఈడ ఇరవయ్యేడు వచ్చిండాది," అన్నాడు.

కొత్త గడి. మిగతా గడుల మాదిరే నీలం రంగు. ఎవరిదో ఎర్ర ఓడ దాని మీద ఆగి, ముందుకు పోయింది. అన్న ఓడ ఇరవయ్యారులో ఉంది. పాచిక మీద ఒకటి పడింది. కదపమని తెర మీద బాణం గుర్తు వెలిగి ఆరుతోంది.

"నేనే అన్నా. నేనే చూపించాను వాళ్ళకి," అన్నాను. ఏడుపు ఆగలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా వైపు చూడనే లేదు. వేలు తెర మీదికి రాకుండా చేయి ఒళ్ళో పెట్టుకున్నాడు. గడువు పది సెకన్ల నుంచి తగ్గుతూ వచ్చి సున్నా అయింది. మీరు ఓడిపోయారని వచ్చింది.

ఫోన్ బోర్లా పెట్టేశాడు.

"నేను మాత్రం పెట్టలేదు పాపా," అన్నాడు.