పాట ఎత్తుకున్న వదిన

అందరూ దర్జీ వదిన అని పిలిచే ఆ మనిషి, ఇక పాడడానికి రానని చెప్పేద్దామనే ఆ సాయంత్రం ప్రార్థన మందిరానికి వెళ్లింది. భర్త పోయాక ఆమె దేవుడితో మాట మానేసింది. అంత మంచి మనిషిని తీసుకెళ్లిపోయి, పైగా నిన్ను ప్రేమిస్తున్నానంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

అక్కడి పాటల బృందానికి వాయిద్యాలు లేవు. పాట ఎత్తుకునే పని ఆమె భర్తదే. మొదటి మాట ఆయన ఒక్కడే పాడితే, ఆ శ్రుతి పట్టుకుని మిగతావాళ్లు అందుకునేవారు. ఆయన పోయాక బృందం కూడడం ఇదే మొదలు.

"నేను మానేస్తున్నాను మరిదీ. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను" అంది గుమ్మంలోనే నిలబడి.

మరిది గడియారాలు బాగుచేస్తాడు. గొంతు బొంగురు, మనసు వెన్న. "సరే వదినా. ఈ ఒక్క పాటా విని వెళ్లు" అన్నాడు.

అందరూ లేచి, గుండెల నిండా గాలి పీల్చుకుని, అలవాటు కొద్దీ ముందు వరసలోని చివరి కుర్చీ వైపు చూశారు. కుర్చీ ఖాళీ. ఇప్పుడు పాట ఎవరెత్తుకోవాలో ముందే అనుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. మరిది నోరు తెరిచి మూశాడు. పాలమ్మే అత్త కళ్లు తుడుచుకుంది.

ఆ నిశ్శబ్దం వదిన భరించలేకపోయింది. ఆయన పాటను నోట్లోనే చంపేస్తారా వీళ్లు? కోపంతోనే ఎత్తుకుంది. ఎత్తుకోవడం ఎత్తుకోవడమే ఎవరికీ అందనంత పైన ఎత్తుకుంది.

అయినా ఒక్కరూ తగ్గలేదు. మరిది మెడనరాలు తేలేలా పాడాడు. అత్త గొంతు కీచుమంది. వదినకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ఆగింది, పాట ఆగలేదు. ఆమె వదిలిన చోటి నుంచి అందరూ కలిసి మోసుకుపోయారు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయన పోయిన దగ్గర్నుంచీ రోజూ అడక్కుండానే గుమ్మంలో పాలు పెట్టిపోయింది అత్త. మొరాయించిన కుట్టుమిషను మాట్లాడకుండా బాగుచేసి వెళ్లింది మరిది. తను మాట మానేసినా, దేవుడు వీళ్ల చేతుల మీదుగా పలకరించడం మానలేదు. దుఃఖం ఉన్నచోటే ఉంది, దేవుడి ప్రేమ కూడా అక్కడే కూర్చుని ఉంది. ఆమె గుండె ఒక్కసారిగా తేలికపడింది.

రెండో చరణం ఆమే అందుకుంది, అదే ఎత్తులో.

"కాస్త దించు వదినా, ప్రాణాలు పోతున్నాయి" అన్నాడు మరిది, చరణం అయ్యాక ఊపిరి తీసుకుంటూ.

"దించను. దేవుడికీ మీ అన్నయ్యకీ ఇద్దరికీ వినపడాలి" అని వదిన మూడో చరణం ఇంకాస్త పైన ఎత్తుకుంది.