సంగట్లో కలిపిన మాత్ర

చెన్నప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టి మూడు నెలలయింది. పెట్టమంటే పెట్టడు. గుంతలో కులదేవత చౌడమ్మ కూర్చుని ఉందంటాడు, గజ్జెల చప్పుడు వినిపిస్తోందంటాడు. పగలంతా వాకిట్లో అరుగు మీద, పాదాలు నేలకు తగలకుండా పైకి మడుచుకుని కూర్చుంటాడు. ధర్మవరంలో ఆ వీధి పొడవునా మగ్గాలు ఆడుతుంటే, ఈ ఇంట్లో మాత్రం సగం నేసిన పట్టుచీర పాత పంచె కప్పుకుని పడి ఉంది.

ఇదంతా చౌడమ్మ ఆగ్రహమని వీధి మొత్తానికీ తెలుసు. కాదని తెలిసిన మనిషి ఒక్కతే. అతని పెళ్లాం భద్రమ్మ.

ఆ ఏడు, ఎనభై మూడులో, ఉగాది మరునాడు చెన్నప్ప గుడికి వెళ్లి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, ఇక సారాయి ముట్టనని ఒట్టేశాడు. కర్పూరం ఆర్పి ఇచ్చిన మాట తప్పితే అమ్మ ఊరుకోదని వాళ్ల కులంలో పసిపిల్లలకు కూడా తెలుసు. భద్రమ్మకూ తెలుసు. కానీ అంతకుముందు పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్లు కూడా ఆమెకు గుర్తున్నాయి. అందుకే మందుల అంగడి లక్ష్మన్న దగ్గరికి వెళ్లింది.

"ఈ మాత్ర పొడి చేసి సంగట్లో కలుపక్కా. రుచి తెలీదు. తాగినాడంటే కక్కుకుంటాడు, అంతే. మళ్లీ సారాయి మొగం చూడడు. ఆయప్పకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు లక్ష్మన్న.

తొమ్మిదో రోజు చెన్నప్ప తాగి వచ్చాడు. గడప దాటేలోపే ముఖం కందిపోయింది. గుండె పట్టుకుని, కక్కుకుంటూ కూలబడ్డాడు. ఊపిరి అందలేదు. అతని తల్లి తిమ్మమ్మ గుడి వైపు తిరిగి, "మాట తప్పినాడు తల్లీ, ఇడిసిపెట్టు తల్లీ" అని నేల మీద తల బాదుకుంది. మొగుడి తల ఒళ్లో పెట్టుకుని భద్రమ్మ కూడా "చౌడమ్మా, కాపాడు" అని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే ఆమెకు తర్వాత అర్థం కాలేదు, తెలిసి కూడా అంత నిజంగా ఎలా ఏడ్వగలిగిందో.

చెన్నప్ప బతికాడు. మళ్లీ చుక్క ముట్టలేదు. భద్రమ్మ కూడా మాత్ర ఆపలేదు. రోజూ ఆపుదామనుకునేది. ఆపితే తాగుతాడేమోనని మళ్లీ నూరేది. నూరిన రాయిని కడిగి బోర్లించడం ఒక్కరోజూ మరిచిపోలేదు.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో, తాగుడు మానలేని వాళ్లనూ మనసు చెదిరిన వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడే మనిషి మంగళవారాలు ఉంటాడని ఎవరో చెప్పారు. ప్యాసింజరు బండిలో తీసుకుపోయింది. దారి పొడవునా దున్ని, విత్తడానికి వాన కోసం ఆగిన శనక్కాయ చేలు. చెన్నప్ప బెంచీ మీద కాళ్లు ముడుచుకునే కూర్చున్నాడు.

ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్న ఒకాయన పలకరించాడు.

"ఏమప్పా, నీది తాగుడా, పిచ్చా?"

"తాగుడు మానినాక వచ్చింది" అన్నాడు చెన్నప్ప.

"ఇన్నావా?" అని ఆయన పెళ్లాం వైపు తిరిగాడు. "మానితే ఇట్లయితాదంట. పదమ్మే, ఇంటికి పోదాం."

"కూసో మూసుకోని" అంది ఆమె.

భద్రమ్మ నవ్వబోయి, మొగుడి ముడుచుకున్న కాళ్లు చూసి ఆపుకుంది.

లోపల దివాకర్ అనే ఆయన ఓపికగా అన్నీ అడిగాడు. చివరికి భద్రమ్మ వైపు తిరిగాడు. "భయం తగ్గడానికి డాక్టరు గారు మందు రాస్తారమ్మా. ఇంట్లో ఇప్పటికే ఏదైనా ఇస్తున్నారా? నాటుమందో, మాత్రో?"

"లేదు సార్."

"నాకు మందొద్దు సార్" అన్నాడు చెన్నప్ప. "అమ్మ నన్ను తీసుకుపోదామనే వచ్చింది. మూణ్ణెల్లుగా కాచుకోనుండాది పాపం. నేనే పోతా. మా ఊరి బయట బాయి చూసి పెట్టుకున్నా."

బండి ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పాడు. బావి మాట భద్రమ్మ వినడం అదే మొదలు.

"ఆయన్ని రవ్వంతసేపు బయట కూర్చోబెట్టు సార్" అంది.

చెన్నప్ప వెళ్లాక అంతా చెప్పేసింది. దివాకర్ కలం మూత పెట్టాడు.

"ఈరోజే ఆపండి. ఆ మందు కొందరికి లేని చప్పుళ్లు వినిపించేలా చేస్తుంది."

"అంటే ఆ గజ్జెలు... నేనే మోగించినానా సార్?"

"కావచ్చు. ఒట్టు తప్పిన భయమూ కావచ్చు. ఏది ఎంతో నేను చెప్పలేను."

కాదంటాడని ఆశపడింది. ఆయన అనలేదు.

"ఆయనకు నువ్వే చెప్పు సార్. చదువుకున్నోడివి."

"నేను చెబితే డాక్టర్లు కనిపెట్టారనుకుంటాడు. మీరు దాచిన సంగతి దాచినట్టే ఉంటుంది. బావి మాట విన్నారు కదా? అతను ఇంటికి పోయేలోపు తెలియాలి."

చెన్నప్పను పిలిచి ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం వాళ్లకు అలవాటు లేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అప్పులైనా, పురుళ్లైనా, చావులైనా, మాట్లాడుకున్నదంతా మగ్గం మీదే. నడిమి నేత అతనిది, అంచు నేసే నాడె ఆమెది. చూపులు చీర మీద, మాటలు పక్క మనిషికి.

ఆమె లేచి కుర్చీని అతని పక్కకు లాక్కుంది. ఎదుటి గోడకేసి చూస్తూ చెప్పింది.

"నిన్ను పడేసింది అమ్మ కాదు. నేను. నువ్వు తాగితే కక్కుకునే మాత్ర సంగట్లో కలిపినా. నిన్న కూడా కలిపినా."

చెన్నప్ప కుర్చీ మీదున్న కాళ్లు ఒక్కొక్కటే దించి, నేల మీద పెట్టాడు.

"నేను పడిన పొద్దు, చౌడమ్మా కాపాడు అని ఏడిస్తివే. అప్పుడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"నేను రాత్రిళ్లు చెవులు మూసుకోని వణికినప్పుడు?"

"ఎరుకే."

వచ్చే మంగళవారం ఇద్దరూ రావాలని దివాకర్ చెబితే, చెన్నప్ప తల మాత్రం ఊపాడు.

వారం తిరిగేసరికి గజ్జెలు దూరమయ్యాయి. పదిహేనో రోజున చెన్నప్ప గుంతలోకి దిగాడు. "అమ్మ చెమించింది" అని తిమ్మమ్మ వీధంతా చెప్పుకుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ మాట సరిదిద్దలేదు. తాగి రావడం ఇంకా జరగలేదు. జరగదని భద్రమ్మ అనుకోవడం లేదు.

మధ్యాహ్నం ఆమె తట్టలో సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి తెచ్చింది. చెన్నప్ప చెయ్యి కడుక్కున్నాడు. ముద్దను ముట్టుకోలేదు. దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

భద్రమ్మ వంగి, ముద్దలోంచి కొంచెం తుంచి నోట్లో వేసుకుంది. వద్దంటాడేమో, చాల్లే అంటాడేమో అని అతని ముఖం చూసింది. అతను ఆమె గొంతు చూస్తున్నాడు. మింగింది.

అప్పుడు తట్ట దగ్గరికి లాక్కున్నాడు.